ఎగువ కట్ట ప్రమాదాన్ని ముందే చెప్పిన డేనియల్ మొరెల్

చెరువు నిండితే ఊరికి పండుగ. అలుగు పారితే మరీ పండుగ. కాని చెరువు కింద ఇల్లు కట్టుకున్నవాడికి జడివాన పట్టిన రాత్రి కంటిమీద కునుకు ఉండదు. కట్ట ఎక్కడ ఊరుతున్నదో, అలుగుకు ఏం అడ్డం పడిందో అన్న బెంగ ఎలా ఉంటుందో మన పల్లెల్లో ఒకరు చెప్పనక్కరలేదు. నూట నలభై ఏళ్ళ కిందట అమెరికాలో ఒక పెద్ద ఇనుప కార్ఖానా అధిపతికి సరిగ్గా ఈ బెంగే పట్టుకున్నది. ఆయన పేరు డేనియల్ జాన్సన్ మొరెల్.

ఆయన ఉండే జాన్స్‌టౌన్ పట్టణానికి పద్నాలుగు మైళ్ళ ఎగువన, కొండల్లో, ఒక మట్టి కట్ట ఉండేది. దాని కింద ఎకరం సాగు లేదు. ఆ నీళ్ళు ఎవరూ తాగరు. పట్నపు ధనవంతులు వేసవిలో వచ్చి పడవ షికారు చేయడానికి, గాలం వేసి చేపలు పట్టడానికి ఆ చెరువు. ఆ కట్ట పని నమ్మదగ్గట్టుగా జరగడం లేదని మొరెల్ 1880లో రాతపూర్వకంగా చెప్పారు. బాగుచేస్తే ఖర్చులో తమ కంపెనీ కూడా పాలు పంచుకుంటుందన్నారు. అవతలివారు అక్కరలేదన్నారు. 1885లో మొరెల్ కన్నుమూశారు. 1889 మే 31న ఆ కట్ట తెగి 2,209 మంది చనిపోయారు.

బట్టల కొట్టు నుంచి ఇనుప కొలిమికి

మొరెల్ 1821 ఆగస్టు 8న అమెరికా ఈశాన్య మూలన ఉన్న మెయిన్ రాష్ట్రంలో, నార్త్ బెర్విక్ అనే పల్లెలో జన్మించారు. వారిది క్వేకర్ కుటుంబం. క్వేకర్లంటే ఆడంబరం, యుద్ధం రెండూ పనికిరావని నమ్మే ఒక క్రైస్తవ శాఖవారు. ఇంట్లో పిల్లలు ఎక్కువ, చదువు తక్కువ. పదిహేనో ఏట ఫిలడెల్ఫియా నగరం వెళ్ళి, అన్నగారు పనిచేసే టోకు బట్టల వ్యాపారంలో గుమాస్తాగా చేరారు. దాదాపు ఇరవై ఏళ్ళు ఆ వ్యాపారంలోనే గడిపారు. ఇనుము గురించి ఆయనకు ఓనమాలు కూడా తెలియవు.

1855లో ఆయన జీవితం మలుపు తిరిగింది. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని జాన్స్‌టౌన్‌లో కేంబ్రియా ఇనుప కంపెనీ అప్పుల్లో మునిగిపోయింది. అప్పులిచ్చినవారంతా ఫిలడెల్ఫియా వర్తకులు. వారి తరఫున లెక్కలు చూడడానికి మొరెల్‌ను పంపారు. చూడడానికి వెళ్ళిన మనిషి అక్కడే ఉండిపోయారు. కొందరు భాగస్తులతో కలిసి కార్ఖానాను కౌలుకు తీసుకుని నడపడం మొదలుపెట్టారు.

రైలు పట్టాలు చేయడం ఆ కార్ఖానా పని. అప్పట్లో ఇనుప కడ్డీని రెండు రోలర్ల మధ్య నుంచి ఒక వైపు నెట్టి, మళ్ళీ ఎత్తి ఇవతలికి తెచ్చి నెట్టేవారు. ఈలోగా కడ్డీ చల్లారిపోయి పట్టా చీలిపోయేది. కార్ఖానాలో జాన్ ఫ్రిట్జ్ అనే మేటి పనివాడు మూడు రోలర్ల యంత్రం కడతానన్నారు. కడ్డీ పోయేటప్పుడు కింది జంట మధ్య, వచ్చేటప్పుడు పై జంట మధ్య నలుగుతుంది. డబ్బు పెట్టినవారిలో కొందరు వద్దన్నారు. చివరకు ఫ్రిట్జ్ మాటే నెగ్గింది. 1857లో యంత్రం నడిచింది, నడిచిన వెంటనే కార్ఖానా షెడ్డు తగలబడిపోయింది. కొద్ది వారాల్లోనే మళ్ళీ నిలబెట్టి పట్టాలు తీశారు. పాడైనదాన్ని వెంటనే, గట్టిగా బాగుచేయడం మొరెల్ అలవాటు. కట్ట విషయంలో ఆయన ఎందుకంత పట్టుబట్టారో ఇక్కడే తెలుస్తుంది.

ఆ తర్వాత కేంబ్రియాకు తిరుగులేకుండా పోయింది. 1867లో అమెరికాలో వ్యాపారపు ఆర్డరు మీద మొట్టమొదటి ఉక్కు పట్టాలు తయారైంది అక్కడే. 1871లో సొంత ఉక్కు కొలుములు వెలిగాయి. దేశంలోని అతి పెద్ద ఇనుప కార్ఖానాలలో అది ఒకటి. అందులో పనిచేసేవారే వేల మంది. మొరెల్ 1867 నుంచి 1871 దాకా అమెరికా పార్లమెంటులో సభ్యుడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి నూరేళ్ళయిన సందర్భంగా 1876లో జరిగిన మహా ప్రదర్శనకు పునాది వేసిన బిల్లును సభలో పెట్టింది ఆయనే. ఇనుము, ఉక్కు పరిశ్రమల సంఘానికి అధ్యక్షుడయ్యారు. 1878లో పారిస్ ప్రదర్శనకు అమెరికా ప్రతినిధుల్లో ఒకరుగా వెళ్ళారు. ఇనుము గురించి ఆ దేశంలో ఎక్కడ మాట వచ్చినా ఆయన పేరు వచ్చేది.

జాన్స్‌టౌన్‌లో అయితే ఆయనే సర్వం. బ్యాంకుకు అధ్యక్షుడు ఆయన. పట్టణ కౌన్సిలుకు పెద్ద ఆయన. కార్మికులు ఉండే ఇళ్ళు వందల సంఖ్యలో కంపెనీవే. వాళ్ళు సరుకులు కొనే దుకాణం కంపెనీది, ఆసుపత్రి, గ్రంథాలయం కంపెనీవే. ఇదంతా మంచితనం అనుకుంటే పొరపాటు. యూనియను పేరెత్తితే పని ఊడిపోయేది. సంఘంలో చేరినట్టు తెలిస్తే ఇక ఎన్నటికీ పని లేకుండా తీసేస్తామని కంపెనీ నిబంధనల్లోనే రాసిపెట్టారు. కార్మికుడి నోరు కట్టేసిన యజమానే, ఎగువ చెరువు యజమానుల దగ్గరకు వచ్చేసరికి తన మాట వినేవాడు లేక నిలబడవలసి వచ్చింది.

రెండు ఏర్ల నడుమ ఊరు

జాన్స్‌టౌన్ ఎక్కడ ఉన్నదో చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. ఎత్తయిన కొండల నడుమ ఇరుకు లోయ. ఒక పక్క నుంచి లిటిల్ కానెమా, ఇంకో పక్క నుంచి స్టోనీక్రీక్ అనే ఏరు వచ్చి కలిసేచోట పల్లంలో ఊరు. కలిసిన తర్వాత అది కానెమా నది. ఏటా వసంతకాలంలో మంచు కరిగినప్పుడు, వానలు పడ్డప్పుడు వీధుల్లోకి నీరు వచ్చేది. జనం సామాను మేడమీదికి చేర్చి, నీరు దిగిపోయాక ఇల్లు కడుక్కునేవారు.

ఈ వరదలు ఎక్కువ కావడానికి కేంబ్రియా కంపెనీ కూడా కారణమే. కొలుములకు, ఇళ్ళకు కావలసిన కలప కోసం చుట్టూ కొండలు బోడి అయ్యాయి. కొలుముల నుంచి వచ్చే చిట్టాన్ని ఏటి గట్టున పోసి పోసి ఏరును ఇరుకు చేశారు. మన దగ్గర వాగు పోరంబోకు కబ్జా చేసినట్టే. ఎగువ కట్ట మీద అంత శ్రద్ధ పెట్టిన మొరెల్ తన గుమ్మం ముందరి ఏరును చూసుకోలేదని చెప్పక తప్పదు.

కట్ట పుట్టుక

ఆ ఎగువ కట్టను మొదట కట్టింది షావుకార్లు కాదు, పెన్సిల్వేనియా రాష్ట్ర ప్రభుత్వం. రైళ్ళు రాకముందు సరుకులన్నీ పడవల కాలువల మీద పోయేవి. ఎండాకాలం కాలువలో నీరు తగ్గితే పడవలు ఆగిపోయేవి. అందుకని సౌత్ ఫోర్క్ అనే వాగుకు అడ్డంగా కట్ట వేసి నీరు నిలవ చేయాలనుకున్నారు. 1830లలో తలపెట్టిన పని డబ్బు చాలక ఆగుతూ సాగుతూ 1853కు గాని పూర్తి కాలేదు.

పని మాత్రం శాస్త్ర ప్రకారమే జరిగింది. పొడవు 930 అడుగుల పైచిలుకు, ఎత్తు 72 అడుగులు. జిగురు మన్ను పొరలు పొరలుగా పరిచి, తడిపి, కూరారు. లోపలి వైపు అలల తాకిడికి మన్ను జారకుండా రాతి పరుపు, వెలుపల పెద్ద బండలు. కట్ట ఒక కొసన కొండ రాతిని తొలిచి 70 అడుగుల పైన వెడల్పుతో అలుగు తీశారు. కట్ట అడుగున రాతి తూము కట్టి, అందులో ఒక్కొక్కటి రెండు అడుగుల మందం ఉన్న అయిదు పోత ఇనుప గొట్టాలు పెట్టారు. చెరువులోని ఒక కొయ్య బురుజు మీద నుంచి ఆ గొట్టాలను తెరవడం, మూయడం చేసేవారు. ఈ గొట్టాలను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

చెరువు పూర్తయ్యే నాటికే పక్కన రైలు మార్గం వచ్చేసింది. పడవల కాలువ పని అయిపోయింది. 1857లో చెరువు, కాలువ అన్నీ కలిపి రైలు కంపెనీకి అమ్మేశారు. వారికి ఆ చెరువుతో పని లేదు. అక్కర తీరిన కట్టను ఎవరు చూస్తారు? 1862లో తూము దగ్గర గండి పడింది. అదృష్టం కొద్దీ అప్పుడు చెరువులో సగం నీరు కూడా లేదు. కింద పెద్దగా నష్టం జరగలేదు. అసలు ముప్పు అక్కడే మొదలయిందేమో అనిపిస్తుంది. కట్ట తెగితే ఏమవుతుందంటే ఏమీ కాలేదు గదా అనే మాట జనం నోళ్ళలో నిలిచిపోయింది.

పదమూడేళ్ళు గండి గండిగానే ఉన్నది. 1875లో జాన్ రైలీ అనే రాజకీయ నాయకుడు 2,500 డాలర్లకు ఆ స్థలం కొని, తూములోని అయిదు ఇనుప గొట్టాలూ పీకించి పాత ఇనుము కింద అమ్ముకున్నాడు. 1879లో రెండు వేలకు బెంజమిన్ రఫ్ అనే కాంట్రాక్టరుకు విడిచిపెట్టాడు. రఫ్ పిట్స్‌బర్గ్ ధనికులను పోగుచేసి, సౌత్ ఫోర్క్ చేపల వేట, మృగయా క్లబ్బు పెట్టారు. ఆండ్రూ కార్నెగీ, హెన్రీ ఫ్రిక్, ఆండ్రూ మెలన్ వంటి కోటీశ్వరులు అందులో సభ్యులు.

క్లబ్బువారు గండి పూడ్చారు. ఎలా పూడ్చారో చూడండి. బండరాళ్ళు, మన్ను, చెట్ల కొమ్మలు, ఎండుగడ్డి, చివరికి గుర్రాల పేడ కూడా అందులో వేశారు. పని మీద పర్యవేక్షణకు తగిన ఇంజనీరు లేరు. 1879 డిసెంబరులో వరదకు ఆ పూడిక కొట్టుకుపోయింది. మళ్ళీ పోశారు. 1881కి చెరువు నిండింది. పీకేసిన గొట్టాల స్థానంలో కొత్తవి వేయలేదు. అంటే ఆ చెరువుకు ఇక తూము లేదు. నిండిన చెరువును దించుకునే దారి లేదు. ఎక్కడైనా కట్ట ఊరితే, నీరు తీసి బాగుచేద్దామంటే వీలుకాదు. మన పల్లెలో చిన్న కుంటకైనా తూము పెట్టనిదే కట్ట వేయరు.

1880 నాటి ఉత్తరాలు

గండి పూడుస్తున్న సంగతి మొరెల్ చెవిన పడింది. కట్ట కింద తన కార్ఖానా ఉంది, తన ఊరు ఉంది. ఆయన ఊరికే ఊహాగానాలు చేయలేదు. కంపెనీ ఇంజనీరు జాన్ ఫుల్టన్‌ను వెళ్ళి కట్ట చూసి రమ్మన్నారు. 1880 నవంబరులో ఫుల్టన్ వెళ్ళి, కట్ట మీద నడిచి, నవంబరు 26న మొరెల్‌కు నివేదిక రాసి ఇచ్చారు.

పని శ్రద్ధగా, పటిష్ఠంగా జరుగుతున్నట్టు తనకు తోచలేదని ఫుల్టన్ రాశారు. ముఖ్యంగా రెండు లోపాలు చూపించారు. ఒకటి, నీరు వదలడానికి గొట్టం లేదు. మరమ్మతు చేయవలసి వస్తే చెరువు దించలేరు. రెండు, పాత కట్టకు కొత్త పూడిక సరిగా అతకలేదు. అక్కడ పెద్ద ఊట పడి కొత్త మన్నును కోసేస్తున్నది.

ఊట అంటే మనవారికి వివరం అక్కరలేదు. మట్టి కట్టకు నీరు పైనుంచి ఎంత శత్రువో లోపలి నుంచీ అంతే శత్రువు. సన్నని ధార మన్నును కొద్దికొద్దిగా మోసుకుపోయి బుంగ చేస్తుంది, బుంగ పెరిగి పైనున్న మన్ను కూలుతుంది. తేట నీరు ఊరితే కొంత పరవాలేదు గాని, బురద నీరు ఊరిందంటే కట్ట లోపల కరుగుతున్నట్టే. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369లో వేయించిన శాసనంలో చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు చెప్పారు. కట్ట నుంచి నీరు ఊరడం అందులో ఒకటి. అయిదు వందల ఏళ్ళ తర్వాత ఫుల్టన్ అదే దోషం మీద వేలు పెట్టి చూపించారు.

మొరెల్ ఆ నివేదికను రఫ్‌కు పంపారు. డిసెంబరు 2న రఫ్ జవాబు రాశారు. ఫుల్టన్ ఇచ్చిన కొలతలు తప్పులని, ఆ నివేదికకు విలువ లేదని, తమ చెరువు వల్ల మొరెల్‌కు గాని ఆయన ఊరివారికి గాని ఏ ప్రమాదమూ లేదని దాని సారాంశం. కొలతల్లో తేడాలు ఉన్న మాట కొంత నిజమే కావచ్చు. అయితే తూము లేదన్నదానికీ, ఊట ఉన్నదన్నదానికీ అది జవాబు కాదు. ఒక అంకె తప్పు పట్టుకుని మొత్తం కాగితాన్ని పక్కన పెట్టడం ఏ దేశంలోనైనా ఒక్కలాగే ఉంటుంది.

మొరెల్ ఊరుకోలేదు. డిసెంబరు 22న మళ్ళీ రాశారు. ఆ చోట అంత నీరు నిలవ చేయడం దిగువ లోయలోని ప్రాణాలకు, ఆస్తులకు ఎప్పటికీ పొంచి ఉన్న ముప్పని, దానికి తాము అభ్యంతరం చెబుతున్నామని తెలిపారు. అవసరమైనప్పుడు చెరువు దించుకునే ఏర్పాటు తప్పనిసరిగా ఉండాలన్నారు. క్లబ్బువారి వినోదాన్ని చెడగొట్టాలని తమకు లేదని, కట్టను పూర్తి భద్రంగా చేసేటట్టయితే ఖర్చులో కేంబ్రియా కంపెనీ ధారాళంగా భాగం పెడుతుందని కూడా రాశారు. చెరువు అవతలివారిది, ఖర్చుకు సిద్ధపడినవారు ఇవతలివారు. ఇంతకంటే ఏమడుగుతాం? అయినా క్లబ్బు ఒప్పుకోలేదు.

దీని తర్వాత మొరెల్ చేసిన పని విచిత్రంగా కనబడుతుంది. ఆయన డబ్బు కట్టి తానే ఆ క్లబ్బులో సభ్యుడయ్యారు. చేపల మీద మోజుతో కాదని, లోపల ఉంటే కట్టను కనిపెట్టి చూసుకోవచ్చన్న ఉద్దేశంతోనని ఆ కాలపు చరిత్ర రాసినవారు చెబుతారు. కోర్టుకు వెళ్ళి ఉంటే? ప్రభుత్వానికి ఫిర్యాదు చేసి ఉంటే? ఆ రోజుల్లో ఆ రాష్ట్రంలో ప్రైవేటు కట్టలను తనిఖీ చేసే అధికారి ఎవరూ లేరు. ఉత్తరాలు కూడా బహిరంగం కాలేదు. ఎగువన ఏమున్నదో ఊరివారందరికీ తెలిసేలా ఆయన అరిచి చెప్పి ఉంటే బాగుండేదని నేడు మనకు అనిపిస్తుంది. పెద్దమనుషుల మధ్య ఉత్తరాలతో తేలిపోతుందని ఆయన అనుకున్నట్టున్నది.

ఆరోగ్యం చెడి 1884లో ఆయన కంపెనీ పదవులు వదిలేశారు. 1885 ఆగస్టు 20న జాన్స్‌టౌన్‌లో మరణించారు. స్టోనీక్రీక్ ఒడ్డున ఉన్న శాండీవేల్ శ్మశానంలో సమాధి చేశారు. కట్ట మీద కన్నేసి ఉంచేందుకు ఆయన తర్వాత ఆ ఊరి నుంచి క్లబ్బులో ఉన్నది కంపెనీ వకీలు సైరస్ ఎల్డర్. 1887లో రఫ్ కూడా చనిపోయారు. ఉత్తరాలు రాసుకున్న ఇద్దరూ పోయారు, కట్ట మాత్రం అలాగే ఉన్నది.

కట్టకు చేసిన మార్పులు

అలాగే అంటే సరిగ్గా అలాగే కాదు. క్లబ్బువారు మరి మూడు పనులు చేశారు. ఏ ఒక్కటీ కీడు చేయాలని చేసింది కాదు.

కట్ట మీద రెండు గుర్రపు బండ్లు ఎదురెదురుగా పోవడానికి వెడల్పు చాలలేదు. పైభాగం రెండు మూడు అడుగులు చెక్కి వెడల్పు చేశారు. బాట కుదిరింది, కట్ట ఎత్తు తగ్గింది. రెండోది, వేలు పోసి తెప్పించిన చేపలు అలుగు మీదుగా వాగులోకి పోతున్నాయని అలుగుకు అడ్డంగా ఇనుప ఊచల జాలీలు బిగించారు. అలుగు దగ్గర చేపలకు దడి కట్టడం మనకూ తెలిసిన పనే. వానాకాలం చెత్త వచ్చి పడితే ఆ దడే గోడ అవుతుంది. దానికి తోడు బండ్లు పోవడానికి అలుగు మీద వంతెన వేసి, దాని కాళ్ళు అలుగులోనే పాతారు. మూడోది, ఒకప్పుడు గండి పడ్డచోట కొత్త మన్ను కుంగి, కట్ట నడుమ కొంచెం పల్లమైంది. ఎవరూ దాన్ని ఎత్తు చేయలేదు.

కట్ట ఎప్పుడూ నడుమ కొంచెం ఎత్తుగా ఉండాలని, పల్లం ఎక్కడ ఉంటే నీరు మొదట అక్కడే పొర్లుతుందని మట్టిపని చేసే ఒడ్డెరలను అడిగినా చెబుతారు. మట్టి కట్ట మీదుగా నీరు పొర్లిందంటే ఇక నిలవడం కల్ల. రాతి ఆనకట్ట అయితే పైనుంచి పారినా ఓర్చుకుంటుంది. మట్టిది వెనక వాలు నుంచి కోసుకుంటూ వస్తుంది. అందుకే మట్టి కట్టకు ప్రాణం అలుగులో ఉంటుంది. ఎంత పెద్ద వాన వచ్చినా, కట్ట తలకు నీరు తగలకముందే అలుగు దాన్ని పంపించివేయాలి. క్లబ్బువారు కట్ట తల దించి, అలుగు గొంతు నొక్కారు. తూము ముందే లేదు.

1889 మే 31

మే 30 రాత్రి మొదలైన వాన ఆ ప్రాంతంలో అంతకుముందు ఎవరూ ఎరగనిది. తెల్లవారేసరికి చెరువు గంట గంటకూ పెరుగుతున్నది. అప్పుడు క్లబ్బు అధ్యక్షుడు ఎలియాస్ ఉంగర్. అక్కడ మురుగు కాలువ పనికి వచ్చిన ఇటలీ కూలీలను పిలిచి, నాగలితో దున్నించి, పారలతో కట్ట మీద మన్ను వేయించారు. ఇంకో కొసన రెండో అలుగు తవ్వబోయారు, నేల గట్టిగా ఉండి లోతు దిగలేదు. జాలీలకు చెత్త, దుంగలు చిక్కుకుని అలుగు సగం మూసుకుపోయింది. జాలీలు పీకేయమని కొందరన్నారు, తర్వాత పీకబోతే రాలేదు. ఇరవై రెండు మూడేళ్ళ కుర్ర ఇంజనీరు జాన్ పార్క్ గుర్రమెక్కి సౌత్ ఫోర్క్ ఊరికి పోయి, కింద ఊళ్ళకు తంతి కొట్టమని చెప్పి వచ్చాడు.

తంతులు వెళ్ళాయి. జాన్స్‌టౌన్‌లో వాటిని లెక్కచేసినవారు తక్కువ. అప్పటికే మామూలు వరద వీధుల్లో నిలిచి జనం మేడలెక్కి ఉన్నారు. పైగా కట్ట తెగుతుందన్న పుకారు ఏటా వచ్చేదే, ఏటా నవ్వుకునేదే.

మధ్యాహ్నం మూడు గంటల తర్వాత కట్ట నడుమ నుంచి తెగింది. రెండు కోట్ల టన్నుల నీరు లోయలో పడింది. దారిలో ఊళ్ళను, రైలింజన్లను, చెట్లను, తీగల కార్ఖానాలోని ముళ్ళ తీగ చుట్టలను తోసుకుంటూ 4 గంటల 7 నిమిషాలకు జాన్స్‌టౌన్‌ను కొట్టింది. పది నిమిషాల్లో ఊరు లేదు. కొట్టుకువచ్చిన ఇళ్ళు, దుంగలు, మనుషులు ఊరి చివర రైలు వంతెన రాతి స్తంభాలకు అడ్డుపడి గుట్ట అయ్యాయి. సాయంత్రం ఆ గుట్టకు నిప్పంటుకుంది. నీటిలో బతికినవారు కొందరు అక్కడ కాలిపోయారు.

తొంభై తొమ్మిది కుటుంబాల్లో ఒక్కరూ మిగలలేదు. 777 మందిని ఎవరో గుర్తుపట్టలేక ఊరి పైనున్న కొండ మీద పేర్లు లేని తెల్ల రాళ్ళ కింద పూడ్చారు. వంతెన దగ్గర వెనక్కి తన్నిన నీరు స్టోనీక్రీక్ మీదుగా ఎగదన్ని శాండీవేల్ శ్మశానాన్ని కూడా కొయ్య శిథిలాలతో నింపింది. మొరెల్ నాలుగేళ్ళ కిందట పడుకున్నది అక్కడే. క్లబ్బులో ఊరి తరఫున ఉన్న సైరస్ ఎల్డర్ భార్య, కూతురు ఇద్దరూ వరదలో పోయారు.

తర్వాత

ఆ ఉత్తరాలు వరద తర్వాత బయటికి వచ్చాయి, పత్రికల్లో అచ్చయ్యాయి. జనం మండిపడ్డారు. కోర్టులకు వెళ్ళారు. క్లబ్బు నుంచి ఎవరికీ ఒక్క డాలరు నష్టపరిహారం రాలేదు. అది దైవకృతమని వాదించారు. క్లబ్బు పేరున చెరువు, కొన్ని ఇళ్ళు తప్ప ఆస్తి లేదు, సభ్యుల సొంత ఆస్తుల జోలికి చట్టం పోలేదు. కార్నెగీ కంపెనీ పది వేల డాలర్లు విరాళమిచ్చింది. కొట్టుకుపోయిన కంపెనీ గ్రంథాలయం స్థానంలో కార్నెగీ కొత్త భవనం కట్టించారు. ఇప్పుడు అందులో ఆ వరద గురించిన మ్యూజియం ఉంది.

ఇంజనీర్ల సంఘం ఒక కమిటీ వేసి విచారించింది. 1891లో వచ్చిన ఆ నివేదిక, మార్పులు చేయకపోయినా అంత వానకు కట్ట నిలిచేది కాదని తేల్చి ధనికులకు ఊరట కలిగించింది. నూట పాతికేళ్ళ తర్వాత, 2016లో, కొందరు శాస్త్రజ్ఞులు కట్ట మిగిలిన కొసలను కొలిచి, కంప్యూటర్లతో లెక్కలు కట్టి ఆ మాట తప్పన్నారు. కట్ట తల చెక్కడం వల్ల అలుగు పంపగలిగిన నీరు బాగా తగ్గిపోయిందని, మొదట కట్టినట్టే ఉంచి ఉంటే ఆనాటి వరదకు అది తట్టుకుని ఉండేదని వారి లెక్క. రెండు బండ్లు పట్టే బాట కోసం తీసిన ఆ కొద్ది అడుగుల మన్ను ఖరీదు అది.

ఈ నివేదికల్లో ఒక సంగతి గమనించాలి. ఫుల్టన్ చూపించిన రెండు లోపాల్లో ఊట వల్ల కట్ట పోలేదు, పైనుంచి పొర్లి పోయింది. ఆ లెక్కన ఆయన జోస్యం తప్పిందని వాదించేవారు ఉండవచ్చు. కాని మొరెల్ అడిగిన తూము ఉండి ఉంటే, వాన పట్టిన మొదటి రాత్రి నుంచే అయిదు గొట్టాలు తెరిచి ఉండేవారు. అంతకంటే ముఖ్యం, ఏడాదికొకసారి చెరువు దించి కట్టను చూసుకునే వీలు ఉండేది. కుంగినచోటు ఎవరి కంటనైనా పడేది.

జాన్స్‌టౌన్ కష్టాలు అంతటితో తీరలేదు. 1936లో మరో వరద వచ్చింది. 1977 జూలైలో కుండపోత వానకు లారెల్ రన్ అనే మరో మట్టి కట్ట తెగి ఆ లోయలో నలభై మంది దాకా చనిపోయారు.

కేంబ్రియా కార్ఖానా వరద తర్వాత కొద్ది వారాల్లో మళ్ళీ పొగ వదిలింది. మరో వందేళ్ళు నడిచి మూతపడింది. సౌత్ ఫోర్క్ కట్టను ఎవరూ మళ్ళీ పూడ్చలేదు. చెరువు అడుగున ఇప్పుడు ఒక ఊరు ఉంది, రైలు పట్టా ఉంది. 1964లో ఆ చోటును జాతీయ స్మారక స్థలంగా ప్రకటించారు. చూడబోయినవారికి గడ్డి మొలిచిన కట్ట రెండు కొసలూ, ఒక కొసన రాతిలో తొలిచిన పాత అలుగూ కనిపిస్తాయి. నడుమ ఖాళీలో నుంచి సౌత్ ఫోర్క్ వాగు పారుతుంటుంది.